కోట్స్ పెట్టని ఒక్క లైను

2023 జులై, చాంద్రాయణగుట్ట. ఏడు నెలల చరిత్ర ఒక్క పొద్దుటి పూట తుడిచిపెట్టుకుపోయింది. వందల మంది ఊపిరితిత్తులు, వెన్నుపూసలు, మోకాళ్లు ఆనవాలు లేకుండా మాయమయ్యాయి. ఒక పెద్దమ్మ భవిష్యత్తు దారప్పోగుకు వేలాడింది. ఒక యువకుడు ఒంటరిగా ఆ ప్రళయానికి ఎదురు నిలిచాడు. ఇలాంటి మహాగాథ ఒకటి చెబుదామని కూర్చున్నాను.

అంత సీన్ లేదు. ఆ యువకుణ్ణి నేనే, నా పేరు వినయ్. నేను ప్రళయానికి ఎదురు నిలవలేదు, ప్రళయం తెచ్చిందే నేను. తెచ్చాక ఇరవై నిమిషాలు దాని ముందు కూర్చుని ఏమీ జరగనట్టు నటించాను. దారప్పోగు మాత్రం నిజం, దాని సంగతి తర్వాత వస్తుంది.

నేను చేసేది సిస్టమ్ సపోర్ట్. చిన్న ఆఫీసుల్లో, స్కూళ్లలో, ల్యాబుల్లో కంప్యూటర్ మొరాయిస్తే ఫోన్ నాకొస్తుంది. చాలాసార్లు వైరు ఊడి ఉంటుంది. లేకపోతే ఆపి మళ్లీ ఆన్ చేస్తాను. మా నాన్న కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. ఒకసారి నా పనేమిటని అడిగితే ఇదే చెప్పాను. "మా దగ్గర కొలిమి గట్ల ఆపి ఆన్ చేస్తే ఇంటికి తోలుతరు" అన్నాడు. అప్పుడు నవ్వాను.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్‌కు కాస్త అవతల ఒక స్కానింగ్ సెంటర్ ఉంది. కింద మందుల షాపు, పైన సీటీ స్కాన్ మిషను. నేను వారానికోసారి వెళ్లేవాణ్ని. మిషను నడిపే టెక్నీషియన్ ఖలీల్ భాయ్, రిపోర్టులు రాసే డాక్టర్ మేడం, ఇద్దరూ నాకు బాగా తెలుసు. ఖలీల్ భాయ్‌కి యాభై దాటాయి. కళ్లద్దాలు మెడలో తాడుకు వేలాడుతుంటాయి. నన్ను చూసి నవ్వడు, కానీ టీ చెప్పడం మర్చిపోడు.

ఆ మిషను పని తీరు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒక మనిషిని సీటీ స్కాన్ చేస్తే వందల బొమ్మలు వస్తాయి, బ్రెడ్డును ముక్కలుగా కోసినట్టు. మిషను వాటిని పక్క గదిలోని కంప్యూటర్‌కు పంపుతుంది. అక్కడ డి డ్రైవ్‌లో scans అనే ఫోల్డర్‌లోకి వెళ్లి పడతాయి. ఆ పేరు మిషను లోపల ఒకసారి కుదిర్చి పెట్టారు, దాన్ని మార్చడానికి కంపెనీ ఇంజినీరు రావాలి. అందుకని ఖలీల్ భాయ్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏడాది తిరిగాక ఆ ఫోల్డర్ పేరుకు ఒక ఖాళీ, దాని పక్కన purane, అంటే పాతవి, అని చేరుస్తాడు. అది పాతదైపోతుంది. తర్వాత scans పేరుతోనే కొత్తది పెడతాడు, మిషను ఏ తేడా తెలియకుండా అందులోకి పంపుకుంటూ పోతుంది. సొంతంగా కనిపెట్టిన పద్ధతి, శుభ్రంగా నడిచేది.

జులై వచ్చేసరికి డ్రైవ్ నిండిపోయింది. పాత ఏడాది బొమ్మలు అప్పటికే ఇంకో డిస్కుకు ఎక్కించి, అన్నీ తెరుచుకుంటున్నాయని మేడం చూసి సరేనంది. ఇక్కడ పాత ఫోల్డర్ తీసేయడమే మిగిలింది. మౌస్‌తో తీసేస్తే లక్షల ఫైళ్లు లెక్కపెట్టుకుంటూ విండోస్ పూటంతా కూర్చుంటుంది. అందుకని నేనొక బ్యాచ్ ఫైల్ రాశాను. అంటే కంప్యూటర్‌కు రాసిచ్చే పనుల చీటీ. ముఖ్యమైన లైను ఒక్కటే:

rd /s /q D:\scans purane

ఆర్‌డీ అంటే ఫోల్డర్ తీసెయ్. ఎస్ అంటే లోపలున్నవన్నీ తీసెయ్. క్యూ అంటే నన్నేమీ అడక్కు. ఆ క్యూ నేనే కోరి పెట్టాను. "నిజంగా తీసెయ్యాలా?" అని అడిగే కంప్యూటర్ అంటే నాకు చిరాకు. వయసు ఇరవై నాలుగు, నన్నెవరూ ఏమీ అడక్కూడదనే వయసు.

ఇంటి దగ్గర లాప్‌టాప్‌లో ముందే టెస్ట్ చేశాను కూడా. అక్కడ ఫోల్డర్ పేరు test. ఒకే మాట, మధ్యలో ఖాళీ లేదు. టెస్ట్ ఘనంగా పాసైంది.

కమాండ్‌కు ఇచ్చే ఫైలు చిరునామాను పాత్ అంటారు. ఆ పాత్‌లో ఖాళీ కనబడితే కంప్యూటర్ అక్కడితో ఒక పేరు అయిపోయిందనుకుంటుంది. కిరాణా చీటీలో శనగ పప్పు అని రాస్తే, కొట్టాయన శనగలొక పొట్లం, పప్పొక పొట్లం కట్టిచ్చినట్టు. రెండూ కలిపి ఒకటే సరుకని చెప్పాలంటే మొత్తం పాత్‌కు ముందొకటి, చివరొకటి డబుల్ కోట్స్ పెట్టాలి. నేను పెట్టలేదు. కంప్యూటర్‌కు రెండు పేర్లు కనబడ్డాయి. మొదటిది డి డ్రైవ్‌లోని scans. రెండోది purane. రెండోది ఎక్కడా లేదు. మొదటిది ఉంది. అది ఈ ఏడాదిది.

పొద్దున తొమ్మిదిన్నరకు బ్యాచ్ ఫైల్ నడిపించి, బాల్కనీలో నిలబడి టీ తాగాను. కింద ఏడో నంబరు బస్సు వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఆ టీ రుచి ఇప్పటికీ గుర్తుంది. తెలియని తప్పు చేసి తాగే టీ చాలా బాగుంటుంది.

తిరిగొచ్చి చూస్తే చీటీ పని ముగించి, చివర్లో ఏదో ఫైలు దొరకలేదని ఒక లైను ఇంగ్లిషులో గొణిగి ఊరుకుంది. డి డ్రైవ్ తెరిచాను. scans purane అక్కడే ఉంది, కదల్లేదు. దాని పైన scans కూడా ఉంది. హమ్మయ్య, ఏదీ పోలేదనుకున్నాను. ఎందుకో అది తెరిచాను. లోపల ఒక్క పేషెంట్ ఉన్నాడు. ఇప్పుడే, నేను టీ తాగుతుండగా స్కాన్ అయినవాడు. ఫోల్డర్ కనబడక మిషను కొత్తది పెట్టుకుని పంపిందన్నమాట. జనవరి నుంచి ఆ పొద్దుటి దాకా ఉన్నవాళ్లెవరూ లేరు.

రీసైకిల్ బిన్ చూశాను. ఖాళీ. కమాండ్‌తో తీసేసినవి అందులోకి రావు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మూడుసార్లు చూశాను. చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను, ఇంకేదైనా చేస్తాయేమోనని.

అప్పుడే ఖలీల్ భాయ్ తలుపు దగ్గర నిలబడి, మేడంకు మరియమ్మ అనే పేషెంట్ పాత స్కాన్ కావాలన్నాడు. ఫిబ్రవరిది.

సర్వర్ అప్‌డేట్ అవుతోంది, కాస్త టైం పడుతుందన్నాను. ఏ అప్‌డేటూ లేదు. ఆయన తలూపి వెళ్లిపోయాడు. నన్ను నమ్మాడు. తిడితే బాగుండేది.

తలుపు సందులోంచి బయటి కుర్చీలు కనబడతాయి. మరియమ్మ మొదటి కుర్చీలో కూర్చుంది. అరవై పైబడిన మనిషి, నీలం చీర, ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవర్లో పాత కాగితాలు. పక్కన కూతురు జ్యోతి ఫోన్లో మాట్లాడుతోంది. పెద్దాసుపత్రి వాళ్లతో అనుకుంటాను, మధ్యాహ్నం రెండింటికి రిపోర్టుతో వస్తామని చెబుతోంది. ఆ మాటలను బట్టే నాకు విషయం తెలిసింది. ఫిబ్రవరిలో మరియమ్మ ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడింది. అప్పుడు కాగితం మీద ఎనిమిది మిల్లీమీటర్లని రాశారు. ఈ రోజు స్కాన్‌లో పది వస్తోంది. నిజంగా పెరిగి ఉంటే సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకు పంపాలి. పెరగకపోతే అలాగే వదిలేసి కొన్నాళ్లకు మళ్లీ చూస్తారు. పెరిగిందా లేక అప్పుడు కొలిచిన చోటే వేరా అన్నది కాగితం చెప్పలేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. పాత బొమ్మ లేకపోతే పెద్దాసుపత్రి వాళ్లు ఆలోచించరు, సూదే.

నేను బయటికి వెళ్లి నీళ్లు తాగాను. అక్కడ నిలబడ్డ పాపానికి మరియమ్మ నన్ను పిలిచింది. మెడలో ఐడీ కార్డు చూసి డాక్టరో, డాక్టర్ తమ్ముడో అనుకుంది.

"బిడ్డా, పాతది దొరికిందా?"

"చూస్తున్నమమ్మా."

"జర తొందరగ చూడు. మా చెల్లెకు గట్లనే సూది వెట్టిన్రు. ఊపిరితిత్తిల గాలి దిగిపోయి నెల దినాలు పండుకున్నది. నాకు జ్వరమంటే భయం లేదు, ఆపరేషనంటే భయం లేదు. ఆ సూది అంటేనే."

సరేనని లోపలికొచ్చాను. నాకు జ్వరమన్నా భయమే, ఆపరేషనన్నా భయమే. కానీ ఆ నిమిషంలో మరియమ్మ కూర్చున్న ఆ ఆకుపచ్చ రెక్సిన్ కుర్చీ అంటే ఉన్నంత భయం ఇంక దేనికీ లేదు.

ఇక్కడ ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు వినాల్సిన సంగతి ఒకటుంది. డిస్కు మీంచి ఫైలు తీసేస్తే అది వెంటనే చెరిగిపోదు. ఇక్కడ ఎవరూ లేరు, జాగా ఖాళీ అని కంప్యూటర్ రాసుకుంటుందంతే. ఫైలు అక్కడే ఉంటుంది, ఇంకొకరు వచ్చి ఆ జాగాలో కూర్చునే దాకా. అంటే మొదట చేయాల్సిన పని, ఆ డిస్కు మీద కొత్తగా ఏదీ రాయకుండా ఆపడం. మిషను ఆపాలి. మిషను ఆపాలంటే ఖలీల్ భాయ్‌కి చెప్పాలి. చెప్పాలంటే ఎందుకో చెప్పాలి.

ఇదంతా నాకు మొదటి నిమిషంలోనే తెలుసు. అయినా కూర్చున్నాను. ఇంటర్నెట్‌లో వెతికాను, తెలిసినదాన్నే ఇంకో నలుగురు చెబితే చదివాను. బ్యాచ్ ఫైల్ పేరు మార్చాను, ఎందుకో తెలియదు, ఆయుధం దాచిపెట్టినట్టు. ఊరు వదిలి వెళ్లడం గురించి కూడా ఆలోచించాను, సికింద్రాబాద్ దాకా. గోడకు అవతల మిషను తిరగడం మొదలైంది, జెట్ విమానం దూరంగా వెళ్తున్నట్టు ఉంటుంది దాని చప్పుడు. ఎవరో సైనస్ పేషెంట్. ఆ ముక్కు బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి డి డ్రైవ్‌లో కూర్చుంటున్నాయి. ఎవరి జాగాలో కూర్చుంటున్నాయో నాకు తెలియదు. కూర్చుంటున్నాయని తెలుసు. ఆ చప్పుడు ఆగేదాకా నేను లేవలేదు.

ఆగాక లేచాను. ఖలీల్ భాయ్ తర్వాతి పేషెంట్‌ను పిలవబోతున్నాడు.

"భాయ్, మిషన్ ఆపుండ్రి. ఇంకెవ్వరిని తీస్కోకుండ్రి."

"ఎందుకు?"

"కొత్తది రాస్తే పాతది పోతది."

"పాతది ఉంది కదా అప్‌డేట్‌ల."

"అప్‌డేట్ లేదు భాయ్. నేను తీసేసిన. జనవరి నుంచి అంతా."

ఆయన కళ్లద్దాలు తీశాడు, అవి తాడుకు వేలాడాయి. లోపలికి వెళ్లి మిషను నుంచి కంప్యూటర్‌కు వచ్చే వైరు స్వయంగా పీకాడు. బయటికొచ్చి తలుపుకున్న బోర్డును క్లోజ్డ్ వైపుకు తిప్పాడు. తర్వాత నా దగ్గరికొచ్చి గడియారం చూశాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పది కాకముందే."

"మధ్యలో ఒక ముక్కు అయిపోయింది."

అంతే అన్నాడు. ఆ తర్వాత ఆ రోజు నన్ను చాలామంది చాలా మాటలన్నారు, ఏదీ గుర్తు లేదు. ఇదొక్కటి గుర్తుంది.

డాక్టర్ మేడం గదిలో అంతా చెప్పాను. ఆవిడ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తేవచ్చని, కానీ రెండు రోజులు పడుతుందని చెప్పాను. మిషను సొంత కంప్యూటర్‌లో ఈ మధ్య మూడు వారాలవి ఇంకా ఉన్నాయని ఖలీల్ భాయ్ చెప్పాడు. ఫిబ్రవరిది మాత్రం ఉండదు. మేడం బయట కూర్చున్నావిడకు ఎవరు చెబుతారని అడిగింది. అడిగి నా వైపే చూసింది కాబట్టి అది ప్రశ్న కాదని అర్థమైంది.

ఆ గది నుంచి మరియమ్మ కుర్చీకి పది అడుగులు. నేను మధ్యలో రెండుసార్లు ఆగి చెప్పు సర్దుకున్నాను. అది స్లిప్పర్, సర్దుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

ఆమె ముందు కింద కూర్చున్నాను, నిలబడి చెప్పే ధైర్యం లేక. పాత బొమ్మలు పోయాయని, పొద్దున నా చేతుల మీదుగానే పోయాయని చెప్పాను. జ్యోతి ఫోన్ పెట్టేసింది. నా కాలర్ పట్టుకుంటుందనుకున్నాను, పట్టుకునేదేమో కూడా. మరియమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కావాల్నని చేసినవా?"

"కాదమ్మా."

"మరెట్ల పోయినయ్?"

"పేరుకు రెండు పక్కల రెండు గుర్తులు పెట్టాలె. పెట్టుడు మర్చిపోయిన."

ఆమె తన అరచేతులు చూసుకుంది.

"నేను కంచన్‌బాగ్‌ల క్యాంటీన్ల ముప్పై ఏండ్లు గిన్నెలు తోమిన. చేతిలకెళ్లి గిన్నె జారితే ఊరంత వినవడ్తది. మేస్త్రి ఉరుక్కుంట వస్తడు, నాలుగు తిడ్తడు, అయిపోతది. నీ పనిల సప్పుడు గూడ రాదేంది బిడ్డా?"

కవర్లో ఏమున్నాయని అడిగాను.

ఆమె కవర్లోంచి కాగితాలన్నీ తీసి చూపించింది. రిపోర్టు, మందుల చీటీలు, రేషన్ కార్డు జిరాక్సు. అప్పుడిచ్చిన ఫిల్మ్ పెద్దాసుపత్రిలో పెట్టుకున్నారట, అది అక్కడ దొరకడం లేదట. నాకప్పుడు తట్టింది. సెంటర్ వాళ్లు ప్రతి పేషెంట్‌కు బొమ్మలన్నీ ఒక సీడీలో వేసి కూడా ఇస్తారు. సీడీ ఏమైందని అడిగాను.

మరియమ్మ కూతురి వైపు చూసింది. జ్యోతి గోడ వైపు చూసింది.

"అది డాబా మీద ఉన్నది" అంది జ్యోతి. "పావురాలకు కట్టిన."

సంగతేమిటంటే, మే నెలలో డాబా మీద మిరపకాయలు ఎండబోశారు. పావురాల లొల్లి. మెరిసేది కడితే రావని ఎవరో చెప్పారు. ఇంట్లో ఉన్న సీడీలన్నీ తీసి దారాలకు కట్టింది. అమ్మ స్కాన్ సీడీని చూసే యంత్రం ఇంట్లో ఎటూ లేదు, కనీసం ఈ రకంగా పనికొస్తుందనుకుంది. ఆమెను తప్పుపట్టే స్థితిలో నేను లేను.

జ్యోతి స్కూటీ మీద జహనుమాలోని వాళ్లింటికి బయల్దేరాం. ఆమే నడిపింది. నేను నడుపుతానంటే వెనక కూర్చోమంది. టైం పన్నెండు కావస్తోంది. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా నేను సీడీల గురించి తెలిసిన విషయాలు గుర్తు చేసుకున్నాను, అన్నీ చెడ్డవే. కంప్యూటర్‌లో రాసిన సీడీకి ఎండ పడదు, ఎండలో పెడితే లోపలి రంగు పోతుంది. గీతలు పడితే చదవదు. రెండు నెలలు, ఒక ఎండాకాలం సగం, రెండు పెద్ద వానలు.

డాబా మీద, నీళ్ల ట్యాంకు నుంచి మెట్ల గది దాకా కట్టిన తీగకు నాలుగు సీడీలు వేలాడుతున్నాయి. చిన్న గాలికి తిరుగుతున్నాయి. అదే తీగ మీద, వాటి పక్కనే, ఆరేడు పావురాలు కూర్చుని ఉన్నాయి. ఒకటి సీడీలో తన ముఖం చూసుకుంటోంది. ఆ డాబా మీద వాటికి భయపడుతున్నది నేనొక్కణ్నే.

పెన్నుతో రాసిన పేర్లు వానకు కడుక్కుపోయాయి. ఏది స్కానో, ఏది చర్చి పాటలో, ఏది పెళ్లి వీడియోనో తెలియదు. నాలుగూ విప్పాం. దారం ముడి వేళ్లకు రావడం లేదు. జ్యోతి పళ్లతో కొరికి తెంపింది. రెండు సీడీలు ఎండకు పాలిపోయి వెనక వైపు అద్దంలా కనబడుతున్నాయి. ట్యాంకు నీడ కింద కట్టిన రెండు కాస్త రంగుతో ఉన్నాయి. ఏదైతే ఏం, పావురాల గుర్తులు మాత్రం అన్నిటి మీదా సమానంగా ఉన్నాయి.

"ఈటిల లేకుంటె?" అంది జ్యోతి, మెట్లు దిగుతూ.

"లేకుంటె పెద్దాసుపత్రికి నేను గూడ వస్త. నా వల్లనే పోయినయని డాక్టర్‌కు నేనే చెప్త."

"చెప్తె సూది ఆగుతదా?"

ఆగదు. ఇద్దరికీ తెలుసు. స్కూటీ స్టార్ట్ చేసింది.

సెంటర్‌లో సీడీలు రాసే కంప్యూటర్ వేరే ఉంది, దాని డ్రైవ్ ఇంకా పనిచేస్తోంది. ఖలీల్ భాయ్ అద్దాలు తుడిచే బట్టతో సీడీలను మధ్య నుంచి అంచుకు తుడిచాడు, గుండ్రంగా కాదు, అలా తుడిస్తే గీతలు ఇంకా చెడ్డవవుతాయట. మొదటిది పెట్టాం. చర్చి పాటలు. రెండోది పెట్టాం. డ్రైవ్ గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. స్క్రీన్ మీద ఒక ఫోల్డర్ కనబడింది. MARIYAMMA K. మధ్యలో ఒక ఖాళీ.

మామూలుగా లాగి వేస్తే విండోస్ మొదటి గీత దగ్గరే చేతులెత్తేసింది. చదవలేని ఫైలును కొన్నిసార్లు ప్రయత్నించి, రాకపోతే వదిలేసి ముందుకు పోయే కమాండ్ ఒకటుంది, రోబోకాపీ అంటారు. అది టైప్ చేయాలి. చేతులు కీబోర్డు మీద పెట్టాను. మరియమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. ఖలీల్ భాయ్ నా వెనక నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

"ఒకటి పెట్టినవ్. రెండోది ఏది? ఆఁ. ఇప్పుడు ఇంకో చిరునామా. మళ్ల ఒకటి. మళ్ల రెండోది. చదువు ఒకసారి."

చదివాను. గట్టిగా, స్కూల్లో ఎక్కాలు చదివినట్టు.

"ఇప్పుడు నొక్కు."

నలభై నిమిషాలు పట్టింది. అరవై ఒక్క శాతం దగ్గర పదిహేను నిమిషాలు కదల్లేదు. ఆ పదిహేను నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు, మతంతో నిమిత్తం లేకుండా. మరియమ్మ మాత్రం కుర్చీ తెచ్చుకుని కూర్చుని, జ్యోతి తెచ్చిన డబ్బా తీసి పెరుగన్నం తింది. నాకు కూడా పెట్టబోయింది. వద్దంటే, భయమైనప్పుడే తినాలని చెప్పింది. రెండు ముద్దలు తిన్నాను.

చివరికి పదకొండు బొమ్మలు తప్ప అన్నీ వచ్చాయి. ఆ పదకొండూ ఎక్కడివో మేడం చూసింది. కడుపు దగ్గరివి. మచ్చ ఉన్న చోటు మొత్తం ఉంది. ఫిబ్రవరిది ఎడమ పక్క, ఖలీల్ భాయ్ మిషను సొంత కంప్యూటర్‌లోంచి తెచ్చిన ఈ రోజుది కుడి పక్క పెట్టి, ఒక్కో ముక్కా జరుపుకుంటూ వెళ్లింది. ఒకచోట ఆగి కొలిచింది. ఇంకోసారి కొలిచింది. తర్వాత మరియమ్మను దగ్గరికి పిలిచి స్క్రీన్ చూపించింది.

"అప్పుడు కూడా పదే ఉంది అమ్మా. కొలిచినవాళ్లు పక్క ముక్కలో కొలిచారు. పెరగలేదు."

"అంటే సూది లేదా?"

"నేను రాసేది అదే. చెప్పాల్సింది వాళ్లు. కానీ వాళ్లకు తొందర ఉండదు ఇప్పుడు."

మరియమ్మ ఏడవలేదు, దండం పెట్టలేదు. కొంగు సరిచేసుకుని, తన రెండు బొమ్మలను కాసేపు చూసి, ఇంత చిన్నదాని కోసమా ఇంత లొల్లి అంది. వెళ్తూ వెళ్తూ ఆ సీడీని తిరిగి అడిగింది. ఇక మీద డాబా మీద కట్టబోమని జ్యోతి మాటిచ్చింది. పెద్దాసుపత్రి వాళ్లు ఆరు నెలలకు మళ్లీ చూద్దామన్నారని సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. ఆరు నెలలకు వచ్చారు. మచ్చ ఉన్నచోటే ఉంది.

మిగతావాళ్ల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ అందంగా అబద్ధమవుతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ రెండు రోజులు నడిచి చాలావరకు వెనక్కి తెచ్చింది, కానీ పేర్లు లేకుండా, అంకెలతో, గుట్టగా. అదృష్టం కొద్దీ స్కాన్ బొమ్మ ప్రతిదాని లోపలా పేషెంట్ పేరు రాసి ఉంటుంది. ఆ పేరు చదివి ఎవరి ఫోల్డర్‌లో వాళ్లను వేసే స్క్రిప్టు రాశాను. సయ్యద్ ఫలానా, కె ఫలానా, ఫలానా బేగం. ఖాళీ లేని పేరు ఒక్కటీ లేదు. ఒక్కో లైనూ రాసి ఖలీల్ భాయ్‌కి చూపించి నడిపాను. కొంతమందివి రానే లేదు. వాళ్లకు నేనే ఫోన్ చేశాను. చాలామంది దగ్గర సీడీలున్నాయి, ఒకాయనది ఆటో అద్దానికి వేలాడుతోంది. ముగ్గురి దగ్గర ఏమీ లేవు. వాళ్లకు ఇంటికెళ్లి చెప్పాను. ఒకాయన తలుపేసుకున్నాడు. ఆయన చేసింది న్యాయమే.

మరియమ్మ ఫిబ్రవరి బొమ్మలు ఆ గుట్టలో సగమే వచ్చాయి. మిగతా సగం మీద ఒక ముక్కు కూర్చుని ఉంది. నేను టైం తీసుకున్న ఆ ఇరవై నిమిషాల ముక్కు. తప్పు చేయడానికి నాకు ఒక లైను పట్టింది. దాన్ని పెద్దది చేయడానికి ఇరవై నిమిషాల మౌనం పట్టింది. ఈ పనిలో చప్పుడు రాదు కాబట్టి చప్పుడు మనమే చేయాలి, వెంటనే, గట్టిగా. అది నేర్చుకున్నాను.

ఆ మర్నాడు ఖలీల్ భాయ్‌తో, ఫోల్డర్ పేరులో ఖాళీ తీసి అడ్డగీత పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పేరు ఆయన పెట్టుకున్నాడు, రాయడం నాకు రాలేదు, కాబట్టి మారాల్సింది నేనేనట. ఆ ఫోల్డర్ ఇప్పటికీ అదే పేరుతో ఉంది.

డబుల్ కోట్స్ కీ ఎంటర్‌కు ఎడమ పక్కనే ఉంటుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి, లేకపోతే సింగిల్ కోట్ పడుతుంది.